పట్టగలవాడెవడు?
(వృత్తి కబడ్డీ జట్టుకు కళాశాల రక్షకుని ఎంపికను గూర్చి)

గత సంవత్సరం మన కళాశాల విద్యార్థి ఒకడు ఒక వృత్తి కబడ్డీ జట్టువారు జరిపిన యువక్రీడాకారుల ఎంపికకు వెళ్ళి, రెండవ రోజుననే తిరిగివచ్చాడు. అతడు అడ్డతీగల ప్రాంతంలోని ఒక కొండపల్లెనుండి వచ్చి మనవద్ద బి.ఏ. చదువుతున్నవాడు. మన జట్టులో ఎడమ కార్నర్ స్థానం అతనిది. ఏమైందని అడిగితే "ఎత్తు చాలదన్నారండి" అని తలవంచుకొని చెప్పాడు. అతని ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, బరువు 68 కిలోలు. తరువాత జరిగిన క్రీడా ఉపసంఘ సమావేశంలో ఈ విషయం చర్చకు వచ్చింది. ఎత్తు అనేది దైవదత్తం కనుక అతనిని మళ్ళీ పంపి ప్రయాణ ఖర్చులు పెట్టుకోవడం వృథా అని కొందరు పెద్దలు అభిప్రాయపడ్డారు. నేను విభేదించాను. "ఐతే ఏమి చూసి పంపాలో మీరే వ్రాసి ఇవ్వండి మాస్టారూ" అన్నారు. ఈ వ్యాసానికి ప్రేరణ అదే.

తెలుగు పాఠాలు చెప్పేవాడికి కబడ్డీతో ఏమి పని అని విద్యార్థులు ముసిముసిగా నవ్వుకోవచ్చు. నా బాల్యం అడ్డతీగలలోనే గడిచింది. అక్కడి బరిలో ఆడి, ఒకనాడు భుజం జారి, ఆటనుండి విరమించినవాణ్ణి. ఆడలేనివాడు చూడటం నేర్చుకొంటాడు. నా అర్హత అంతకు మించి లేదు.

చెడుగుడు మనందరికీ తెలిసిన ఆటే. కాని పల్లెలో మనం ఆడుకొన్న ఆటకూ, నేడు దీపకాంతుల నడుమ పరుపులమీద సాగే ఆటకూ కొన్ని భేదాలున్నవి. 2014లో ప్రో కబడ్డీ లీగు ప్రారంభమైనప్పటినుండి తెలుగువారి పేరుతో తెలుగు టైటాన్స్ జట్టు అందులో ఆడుతున్నది. పురుషులకు బరి పొడవు 13 మీటర్లు, వెడల్పు 10 మీటర్లు. కూత పూర్వం ఊపిరి ఉన్నంతసేపు. ఇప్పుడు 30 సెకన్లు మాత్రమే. ఎదుటి బరిలో ఏడుగురు అర్ధచంద్రాకారంగా నిలుస్తారు. రెండు చివరల ఉండేవారు కార్నర్లు, మధ్యకు దగ్గరగా ఉండేవారు కవర్లు. పత్రికలు వీరిని డిఫెండర్లు అంటున్నవి. నేను రక్షకులు అంటాను. కూతకు వచ్చినవాడు పదిమంది కళ్ళలో పడతాడు, చప్పట్లు అతనివి. రక్షకుడు ఏమి చేశాడో చాలామందికి కనపడదు. అతని ఎంపిక కష్టం కావటానికి మొదటి కారణం ఇదే.

కార్నర్ పనిని కొంచెం వివరించక తప్పదు. మధ్యగీతకు 3.75 మీటర్ల దూరంలో బాక్ లైన్ ఉంటుంది. దాని వెనుక మరొక మీటరు దూరంలో బోనస్ గీత. ఆ గీతకు, బరి వెనుక గీతకు మధ్య మిగిలే జాగా 1.75 మీటర్లు మాత్రమే. కార్నర్ చాలవరకు ఆ ఇరుకులోనే ఉంటాడు. ఆరుగురు లేక ఏడుగురు రక్షకులు బరిలో ఉన్నప్పుడు కూతగాడు బోనస్ గీత దాటి ఒక కాలు మోపి, రెండవ కాలు గాలిలో ఉంచితే అతనికి ఒక పాయింటు వస్తుంది. అనగా, ఆ క్షణంలో అతడు ఒంటికాలిమీద ఉన్నాడన్నమాట. ఎంత బలశాలియైనా ఒంటికాలిమీద బలశాలి కాడు. నేర్పరియైన కార్నర్ ఆ అరక్షణం కోసమే కాచుకొని ఉండి, వంగి, రెండు చేతులతో చీలమండ అందుకొని పైకి లాగుతాడు. పట్టు దొరికిన మరుక్షణం ప్రక్కనున్న కవర్ వచ్చి నడుము మీద పడాలి. లేకపోతే పట్టిన కార్నర్‌ను ఈడ్చుకొంటూనే కూతగాడు మధ్యగీతను అందుకొంటాడు. కనుక ఒక పట్టు ఇద్దరి పని. ఖాతాలో మాత్రం ఒక్కరి పేరే పడుతుంది.

ఇక్కడ పెద్ద పొరపాటు జరుగుతుంది. ఎంపికకు కూర్చున్నవారు "ఇతడు ఎన్ని పట్లు పట్టాడు?" అని లెక్క వేస్తారు. నేను ఊహించి ఒక ఉదాహరణ చెబుతాను. ఒక యువకుడు ఒక పోటీలో 20 సార్లు పట్టుకు దూకి 9 సార్లు నెగ్గాడు. మరొకడు 10 సార్లే దూకి 6 సార్లు నెగ్గాడు. అంకె చూస్తే మొదటివాడు గొప్పవాడు. కాని పట్టు విఫలమైన ప్రతిసారీ ఎదుటివారికి పాయింటు పోతుంది, పట్టబోయినవాడు బరి విడిచి బయట కూర్చోవాలి. ఒక్కొక్క వైఫల్యానికి ఒక్కొక్క పాయింటే పోయిందనుకొన్నా, మొదటివాడు 9 తెచ్చి 11 పోగొట్టాడు. రెండవవాడు 6 తెచ్చి 4 మాత్రమే పోగొట్టాడు. పైగా మొదటివాడు బయట కూర్చున్నంతసేపు ఆ మూల కాచేది మరొకడు, వాడికి ఆ మూల అలవాటు లేదు. మా చిన్నతనంలో దూకుడుగా ఉన్నవాడినే మొనగాడనేవాళ్ళం. ఇప్పుడు తలచుకొంటే నవ్వు వస్తుంది.

మరి ఏమి చూడాలి? నా అభిప్రాయంలో మొట్టమొదట చేతులను కాక పాదాలను చూడాలి. కూతగాడు ఆ ప్రక్క కార్నర్ దగ్గర ఉన్నప్పుడు ఈ ప్రక్క కార్నర్ ఏమి చేస్తున్నాడు? ప్రేక్షకులంతా అటు చూస్తారు. పరీక్షకుడు ఇటు చూడాలి. మంచి రక్షకుడు ఆ సమయంలో కూడా చిన్నచిన్న అడుగులతో కదులుతూ, తోటివారి వరుసతో సమంగా ముడుచుకొంటూ, విప్పుకొంటూ ఉంటాడు. అతని మడమలు నేలకు ఆనవు. చూపు కూతగాని చేతిమీద ఉండదు, నడుముమీద ఉంటుంది. చేయి వంద అబద్ధాలు చెబుతుంది. తల ఒకవైపు తిప్పి కాలు మరొకవైపు విసరవచ్చు. నడుము మాత్రం మనిషి వెళ్ళే దిక్కుకే తిరుగుతుంది. ఈ సంగతి పుస్తకంలో చదివినది కాదు. ఏజెన్సీ సంతలో బెదిరిన మేకను పట్టేవాడిని ఎవరైనా గమనించండి, వాడు మేక తలను చూడడు.

రెండవది, ఓర్పు. వరుసగా రెండు కూతలు ఖాళీగా వెళ్ళితే మూడవ కూతలో తప్పక పాయింటు తేవాలి, లేకుంటే కూతగాడు ఔటు. దీనిని "డూ ఆర్ డై" కూత అంటారు. అప్పుడు అవసరం వచ్చినవాడిది, తొందర అతనిది. రక్షకుడు చేయవలసింది ఆ తొందరను వాడుకోవడం. కాని అనుభవం లేని యువకులు జనం కేకలకు ఉడికి, తామే ముందుకు దూకి, అతడు కోరుకొన్న స్పర్శను అతనికి దానం చేస్తారు. ఇందుకు భిన్నమైన పరిస్థితి బరిలో ముగ్గురో అంతకంటె తక్కువమందో మిగిలినప్పటిది. అప్పుడు పట్టితే అదనంగా ఒక పాయింటు లభిస్తుంది. అది సూపర్ ట్యాకిల్. ఆ సమయంలో భయపడి వెనుకకు జరిగిపోయేవాడూ ఉన్నాడు, కళ్ళు మెరిసేవాడూ ఉన్నాడు. ఈ రెండు ఘడియలలో ఒక యువకుడు ఎట్లా నడుచుకొంటాడో చూడాలంటే కనీసం నాలుగైదు పూర్తి ఆటలు చూడాలి. ఒక పూటలో, పేరు తెలియని తోటివారితో కలిపి, పది నిమిషాలు ఆడించి చూస్తే ఇది తేలదు. ముందే చెప్పినట్లు పట్టు ఇద్దరి పని గదా! తన కవర్ ఎవరో తెలియని కార్నర్ సగం మనిషే.

రక్షణ బలం ఏమి చేయగలదో 2018లో జకార్తా ఆసియా క్రీడలలో మనకు చేదుగా తెలిసివచ్చింది. 1990లో బీజింగ్‌లో కబడ్డీ పతకాల ఆటగా చేరినప్పటినుండి 2014 వరకు పురుషుల స్వర్ణం ప్రతిసారీ భారతదేశానిదే. 2018 సెమీఫైనల్లో ఇరాన్ 27–18 తేడాతో మనను ఓడించి, తరువాత స్వర్ణం కూడా గెలుచుకొన్నది. మల్లయుద్ధానికి పేరుపొందిన దేశం అది; పట్టు వారికి కొత్త విద్య కాదు. ఆ జట్టులోని ఫాజెల్ అత్రాచలీని అదే సంవత్సరం మన లీగు వేలంలో ఒక జట్టు కోటి రూపాయలకు తీసికొన్నది. అతడు ఎడమ కార్నర్. 2023 వేలంలో మరొక ఇరాన్ యువకుడు మొహమ్మద్‌రెజా షాద్‌లూయీకి 2 కోట్ల 35 లక్షలు పలికినవి. అతనిదీ ముఖ్యంగా ఎడమ మూల ఆటే. ఆ వేలంలోనే తెలుగు టైటాన్స్ కూతగాడు పవన్ సెహ్రావత్ కోసం 2 కోట్ల 60 లక్షలకు పైగా వెచ్చించింది. ఈ అంకెలను డబ్బుమీది వ్యామోహంతో చెప్పటం లేదు. చప్పట్లు దొరకని పనికి కూడా విలువ కట్టేవారు ఉన్నారని మూల నిలబడే పిల్లలకు తెలియాలి.

ఎత్తు ప్రసంగానికి తిరిగి వస్తాను. ఈ తగాదా మన ఒక్కరిదే కాదు. అమెరికాలో ఫుట్‌బాల్ అని పిలిచే ఆట మన ఫుట్‌బాల్ కాదు. చేతితో బంతి పట్టుకొని పరుగెత్తే, ఢీకొనే ఆట అది. రక్షణకు నిలిచే 11 మందిలో ముందు వరుసవారు ఎదుటివారితో నేరుగా కలబడతారు. చిట్టచివరివారు దూరంనుండి వచ్చే బంతిని కాస్తారు. ఈ ఇద్దరి నడుమ నిలిచేవాడిని లైన్‌బ్యాకర్ అంటారు. బంతి పరుగుతో వస్తుందా, విసురుతో వస్తుందా అన్నది కన్ను మూసి తెరిచేలోగా గ్రహించి, అటు దూకి మనిషిని పడగొట్టాలి. మన కార్నర్‌కు, కవర్‌కు అన్నయ్య వంటివాడు. అక్కడ వృత్తి జట్లు కళాశాలలనుండే యువకులను వంతులవారీగా ఎంచుకొంటవి. ఈ పద్ధతి 1936నుండి ఉన్నది. ఎంపికకు ముందు ఎత్తు, బరువు, చేతుల పొడవు కొలుస్తారు. 40 గజాలు పరుగెత్తించి గడియారం చూస్తారు.

శామ్ మిల్స్ అనే యువకుడు న్యూజెర్సీలోని మాంట్‌క్లెయిర్ స్టేట్ కళాశాలలో లైన్‌బ్యాకర్. ఎత్తు 5 అడుగుల 9 అంగుళాలు. ఆ స్థానానికి అది పొట్టికింద లెక్క. 1981లో ఏ జట్టూ అతనిని ఎంచుకోలేదు. క్లీవ్‌లాండ్ జట్టు శిక్షణకు పిలిచి పంపివేసింది. మరుసటి ఏడు కెనడాలోని టొరాంటో జట్టుదీ అదే తీర్పు. అతడు ఒక ఉన్నత పాఠశాలలో పిల్లలకు ఛాయాచిత్రకళ నేర్పుతూ ఉపాధ్యాయుడుగా కుదురుకొన్నాడు. 1983లో కొత్తగా వెలసిన మరొక లీగులో ఫిలడెల్ఫియా జట్టు అతనికి చోటిచ్చింది. మూడేళ్ళు అతని ఆటను కళ్ళారా చూచిన శిక్షకుడు జిమ్ మోరా 1986లో న్యూ ఆర్లియన్స్ జట్టు బాధ్యత స్వీకరించినప్పుడు అతనిని వెంట తీసికొని వెళ్ళాడు. తరువాత 12 సంవత్సరాలు అతడు అగ్రశ్రేణిలో ఆడాడు. ఐదు పర్యాయాలు లీగు మేటి ఆటగాళ్ళ సరసన నిలిచాడు. 2005లో కేన్సరుతో మరణించాడు. 2022లో ఆ ఆట కీర్తిమందిరంలో అతని పేరు చేర్చారు. ఇక్కడ నేను గమనించమనేది, అతనిని గుర్తించినవాడు టేపుతో కొలిచినవాడు కాదు, మూడేళ్ళు చూచినవాడు.

చూచే కన్ను అనగానే మన ప్రాంతంలో స్మరణకు రాదగిన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబుగారిది. ఉస్మానియా పట్టభద్రుడు, వృత్తిచేత ఉపాధ్యాయుడు. 1950నుండి 1963లో మరణించేవరకు హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దాడు. ఆ జట్టు 1950నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1962 జకార్తా ఆసియా క్రీడలలో భారతజట్టుకు ఆయనే శిక్షకుడు. రక్షకుడైన జర్నైల్ సింగుకు తలకు గాయమై కుట్లు పడినవి. మరొకరైతే అతనిని బయట కూర్చోబెట్టేవారు. రహీం సాహెబు అతనిని ముందు వరుసలో గోలు కొట్టేవాడుగా దింపాడు. సెమీఫైనల్లోనూ, సెప్టెంబరు 4న దక్షిణ కొరియాతో జరిగిన ఫైనల్లోనూ జర్నైల్ గోలు చేశాడు; మనం 2–1తో స్వర్ణం గెలిచాము. ఒక మనిషిని ఎంతకాలం, ఎంత దగ్గరగా చూస్తే అతని రెండవ పని కూడా తెలుస్తుందో ఆలోచించండి. ఆనాటికే సాహెబుగారిని కేన్సరు పట్టి ఉన్నది. మరుసటి ఏడు జూన్‌లో కన్నుమూశారు.

ఇంతవరకు చదివి, కొలతలన్నీ వ్యర్థమని నేను అంటున్నట్లు భావించవద్దు. 85 కిలోల పరిమితికి దగ్గరగా ఉన్న కూతగాడు వేగంతో వచ్చి ఛాతీతో నెట్టితే 68 కిలోలవాడు ఎదురుగా నిలువలేడు. కవర్ స్థానంలో ఢీ కొట్టి ఆపవలసినవాడికి బరువు కావాలి, భుజాలు కావాలి. చేతులు పొడుగైనవాడికి చీలమండ అర అడుగు ముందే అందుతుంది. మన విద్యార్థిని కవర్‌గా పంపితే నేనూ వద్దనేవాడినే. కాని అతడు కార్నర్. వంగి పట్టేవాడికి నేలకు దగ్గరగా ఉండటం కొంత లాభమే. అతని తొడల బలం కొండదారిని ఎక్కీ దిగీ సంపాదించుకొన్నది.

ఐతే అతడు నిజంగా ఎందుకు నెగ్గలేదు? తోటి విద్యార్థి సెల్‌ఫోనులో తీసిన ఆ ఎంపిక దృశ్యాలను నేను సంపాదించి, ఆపి ఆపి, పలుమార్లు చూశాను. అతనిని పరీక్షించింది 14 కూతలలో. నాలుగుసార్లు పట్టుకు వెళ్ళాడు, రెండు దక్కినవి. అది చెడ్డ లెక్క కాదు. కాని మరి మూడుసార్లు అతడు పట్టుకు వెళ్ళకముందే ఔటయ్యాడు. కారణం లాబీ. బరికి రెండు ప్రక్కలా ఒక్కొక్క మీటరు వెడల్పున లాబీ ఉంటుంది. కూతగానికీ రక్షకునికీ స్పర్శ జరిగిన తరువాతనే అది ఆటలోకి వస్తుంది. అంతకుముందు అందులో కాలు పెట్టినవాడు తనంతట తానే ఔటు. మనవాడు కూతగాని వెనుకకు చుట్టి రావాలని ప్రక్కకు జరిగిన ప్రతిసారీ మడమ ఆ గీత దాటింది. మూడుసార్లూ ఎడమ మడమే. నేను ఈ విషయం అతనికి చూపించినప్పుడు అతడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మా ఊళ్ళో ఆ గీత ఉండదండి" అన్నాడు.

నిజమే. ఆ ఊరి బరి నాకు తెలుసు. ఎర్రగరప నేల, ఒకవైపుకు వాలు. ముగ్గుపిండితో గీసిన గీతలు రెండు కూతలకే చెరిగిపోతవి. మధ్యగీత ఒక్కటే మళ్ళీ మళ్ళీ గీస్తారు. లాబీ సంగతి ఎవరూ పట్టించుకోరు. చూడవచ్చిన జనమే ప్రక్కగీత. వారికి కాలు తగిలితే బరి అయిపోయిందని అర్థం. అడ్డతీగల చరిత్రలో ఒక విశేషమున్నది. 1922 అక్టోబరులో అల్లూరి సీతారామరాజు ముందుగా కబురు పంపి మరీ ఆ ఊరి ఠాణామీదికి వచ్చాడు. బహిరంగంగా కూత పెట్టి బరిలోకి దిగే ఆట అక్కడివారికి ఇష్టం కావటంలో ఆశ్చర్యమేమున్నది అని మా పెద్దలు చమత్కరించేవారు. ఇష్టానికి కొదవలేదు, లేనిది చదునైన నేల, చెరగని గీత. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ విద్యార్థి ఎంపికనాడే మొట్టమొదటిసారి బూట్లు తొడిగి పరుపుమీద ఆడాడు. పాదంతో నేలను తెలుసుకోవడం నేర్చినవాడికి బూటు ఒక విధమైన చెవుడు.

కనుక కమిటీవారికి నా విన్నపం ఎత్తును గూర్చి కాదు. పురుషుల బరికి 130 చదరపు మీటర్ల పరుపు కావాలి. ఒకదానికొకటి తగులుకొనే ముక్కలుగా దొరుకుతుంది. ఒక్కసారి కొనలేకపోతే ముందుగా ఒక సగం బరికి, దాని చుట్టూ కొద్ది జాగాకు సరిపడ కొనవచ్చు. రక్షణ సాధనకు సగం బరి చాలు. అంతవరకు మన ఆటస్థలంలో లాబీ గీతలను సున్నంతో కాక పాతిన నవారుతో గుర్తించాలి. ఎంపికలకు పంపేటప్పుడు ఒక కార్నర్‌ను, అతనితో ఆడిన కవర్‌ను జంటగా పంపగలిగితే మరీ మంచిది. పంపే ముందు మన వ్యాయామ ఉపాధ్యాయులతోపాటు మరొకరు కూర్చొని ఐదు ఆటలలో పాదాల లెక్క వ్రాయాలి. ఎన్నిసార్లు దూకాడు, ఎన్నిసార్లు నెగ్గాడు, ఎన్నిసార్లు దూకకుండా కూతగాడిని ఖాళీగా పంపాడు, ఎన్నిసార్లు గీత దాటాడు అని. ఆ కాగితం విద్యార్థి చేతికి కూడా ఇవ్వాలి. "ఎత్తు చాలదు" అన్న మాటతో ఇంటికి వచ్చినవాడికి చేయదగిన పని ఏదీ ఉండదు. "ఎడమ మడమ మూడుసార్లు" అని వ్రాసి ఇస్తే మరునాటినుండే పని ఉంటుంది.

అతడు ఆ పని మొదలుపెట్టాడు. వసతిగృహం వెనుక ఖాళీస్థలంలో లాబీ గీత ఉండవలసినచోట కొబ్బరితాడును మేకులతో నేలకు బిగించుకొన్నాడు. సాయంకాలం నలుగురు స్నేహితులు వంతులవారీగా కూతకు వస్తారు. నేను అసర్ నమాజు ముగించుకొని అటు వెళ్ళినప్పుడు కాసేపు నిలబడి చూస్తాను. మడమకు తాడు తగిలితే ఎవరూ చెప్పనవసరం లేకుండా తానే చేయి పైకెత్తి బయటికి వచ్చి నిలుచుంటాడు. మొన్న గురువారం 22 కూతలలో రెండుసార్లు వచ్చి నిలుచున్నాడు.